జున్నుపాలు అందని ఇల్లు

మా ఇంట ఒక గేదె కలదు. సంఘకాపరి జీతముతో పిల్లల చదువులు సాగవని, నా భార్య తన పుట్టింటివారిచ్చిన సొమ్ముతో పది సంవత్సరముల క్రిందట ఒక పెయ్యను కొనెను. ఇప్పుడున్నది దాని కూతురు. ఈ గేదె మూలముగా నేను నేర్చుకొన్న పాఠమొకటి ఈ నెల మీ యెదుట ఉంచుచున్నాను. అది నాకు గౌరవము తెచ్చు సంగతి కాదు. అయినను మన పల్లె సంఘములలో గేదెనో, ఆవునో, నాలుగు మేకలనో నమ్ముకొని బ్రదుకు కుటుంబములు అనేకములున్నవి గనుక, నా తప్పు మీకు మేలగునేమోయని వ్రాయుచున్నాను.

గత సంవత్సరము నవంబరు నెలలో తుపాను వానలు పట్టియున్న దినములవి. ఒక శనివారము తెల్లవారుజామున గేదె ఈనెను. పెయ్యదూడ పుట్టినదని ఇల్లంతయు సంతోషించితిమి. మరునాడు మా సంఘములో కోత పండుగ. పగలంతయు నేను ప్రసంగము సిద్ధపరచుకొనుచు గదిలోనే ఉంటిని. సాయంకాలమునకు గేదె మేత ముట్టుట మానెను. దీపములు పెట్టు వేళకు కాళ్లు తడబడి కూలబడెను. తల నిలుపలేక మెడను ప్రక్కకు త్రిప్పి డొక్కకు ఆనించి పండుకొనెను. చెవులు పట్టి చూడగా రాతివలె చల్లగానుండెను. నా భార్య దూడను దగ్గరకు తీసికొని ఏడ్వసాగెను.

1962 అను నంబరునకు ఫోను చేసినయెడల వచ్చు సంచార పశువైద్యశాల బండ్లు తెలంగాణలో 2017లోను, ఆంధ్రప్రదేశ్‌లో 2022లోను ఆరంభమైనవి. అవి పేద రైతులకు గొప్ప మేలు చేసినవి. కాని ఆ రాత్రి ఆ వానలో మాకు బండి దొరకలేదు. పట్టణములోనున్న పశువైద్యునికి వాగు దాటి వచ్చుటకు దారి లేదు. అప్పుడు మూడు మైళ్ల దూరములోనున్న గోపాలమిత్రకు ఫోను చేసితిమి. అతడు ఇరువదియేడు ఎనిమిది యేండ్ల యువకుడు. మన సంఘస్థుడు కాడు.

రాత్రి పది గంటలకు అతడు వచ్చెను. బురదలో బండి నడువక గట్టుమీదనే విడిచి, మైలు దూరము నడిచి వచ్చెను. తలమీద ఎరువుల గోతాము కప్పుకొనియుండెను. ఫోను దీపము వెలిగించి, దానిని పండ్లతో కరచిపట్టుకొని, రెండు చేతులతో గేదెను పరీక్షించెను. చెవులు, ముట్టె, పొదుగు తాకి చూచి, "పాలజ్వరం అండి అయ్యగారూ. పేరుకే జ్వరం, ఒళ్లు చూడండి ఎంత చల్లగా ఉందో. ఒక్కసారిగా పాలు దిగేసరికి ఒంట్లో కాల్షియం పడిపోద్దండి. భయం లేదు, లేస్తది" అనెను. అప్పుడే పశువైద్యునికి ఫోను చేసి గుర్తులన్నియు చెప్పి, ఆయన అనుమతి తీసికొనెను. సంచిలోనుండి 450 మిల్లీలీటర్ల కాల్షియము సీసా తీసి, నా భార్యచేత గోరువెచ్చని నీళ్లు తెప్పించి అందులో ఉంచెను. తరువాత మెడ నరమునకు సూది గ్రుచ్చి, మందును బొట్టుబొట్టుగా ఎక్కింపసాగెను. ఒక చేయి సీసామీద, ఒక చేయి గేదె రొమ్ముమీద పెట్టి గుండె చప్పుడు లెక్కించుచుండెను. త్రాడు పట్టుకొని నిలిచిన నేను, "బాబూ, కొంచెం తొందరగా ఎక్కించరాదా?" అని అడిగితిని. "తొందరపడితే గుండె ఆగిపోద్దండి" అని అతడు తల ఎత్తకయే జవాబిచ్చెను.

గంట గడిచిన పిమ్మట గేదె ఒడలు వణికెను, త్రేన్చెను, పేడ వేసెను. మరి కొంతసేపటికి ముందు వెనుక కాళ్లు కూడదీసికొని లేచి నిలిచి, దూడకొరకు అరచెను. ఆ అరుపు విని నా భార్య మోకాళ్లమీద పడి దేవుని స్తుతించెను. అతడు చేతులు కడుగుకొని, "రెండు రోజులు పాలన్నీ పిండెయ్యకండమ్మా. కొద్దికొద్దిగా తీయండి, దూడను తాగనియ్యండి" అని బుద్ధి చెప్పెను.

అప్పుడు నేనేమి చేసితిని? టీ ఇచ్చితిమి. అతని తలమీద చేయి ఉంచి చక్కగా ప్రార్థన చేసితిని. "దేవుడు నిన్ను బహుగా దీవించును, నాయనా" అంటిని. అతడు గుమ్మమునొద్ద ఒక నిమిషము నిలిచెను. "ఏమైనా చెప్పవలెనా బాబూ?" అని అడిగితిని. "ఏం లేదండి అయ్యగారూ, ఉంటానండి" అని గోతాము తలమీద వేసికొని వానలో వెళ్లిపోయెను.

నేను చేయి ముడుచుకొనుటకు రెండు సాకులుండెను. ఇది ప్రభుత్వపు పని, డబ్బు ఇచ్చినయెడల లంచమగునని మొదటి సాకు. కాపరి దీవెనకంటె గొప్ప బహుమానమేమున్నదని రెండవది. అసలు కారణమేమనగా, పెట్టెలోనున్న డబ్బు నా మనస్సునకు వచ్చెను. దానితోకూడ చిన్నవాని బడి బస్సు రుసుము జ్ఞాపకమునకు వచ్చెను. దేవుడు హృదయమును ఎరిగినవాడు గనుక ఆ సంగతి దాచుట వ్యర్థము.

మరునాడు కోత పండుగ. నేను ప్రసంగమునకు ఎన్నుకొన్న వాక్యము మొదటి కొరింథీయులకు 9వ అధ్యాయములోనిది. కళ్లములో ధాన్యము త్రొక్కు ఎద్దు నోటికి చిక్కము కట్టవద్దని మోషే ధర్మశాస్త్రములో, ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయములో, వ్రాయబడినది. ఆ మాటనే తీసికొని పౌలు, సువార్త పనివారు తమ పనివలన జీవింపవలసిన న్యాయమును బోధించెను. వేదాంత పాఠశాలలో చదివిన దినములనుండి ఈ వాక్యముమీద అనేక పర్యాయములు ప్రసంగించితిని. ప్రతి పర్యాయము దానిని సంఘకాపరి జీతమునకే వర్తింపజేసితిని. ఆ దినమునను అట్లే చేసితిని. విశ్వాసులు ధాన్యము, గుమ్మడికాయలు, కోళ్లు, కొబ్బరికాయలు తెచ్చి బల్లయెదుట ఉంచిరి. నేను సంతోషముతో అందుకొంటిని. రాత్రియంతయు వానలో తడిసి నా గేదెను బ్రదికించినవాని నోటికి నేనే చిక్కము కట్టితినని ఆ వేళ నాకు తోచలేదు.

సోమవారము నా భార్య జున్ను వండెను. అతడు చెప్పిన ప్రకారము పాలు కొద్దిగానే పితికితిమి గనుక జున్ను స్వల్పముగానే వచ్చెను. అయినను పల్లె మర్యాద విడువరాదు గదా! సంఘపెద్దకు, కోశాధికారికి, బడి పంతులుగారికి, ఇరుగుపొరుగువారికి గిన్నెలతో పంపితిమి. ఎవరెవరికి పంపవలెనో పేర్లు చెప్పినవాడను నేనే. గోపాలమిత్ర పేరు నా నోట రాలేదు.

పదునైదు దినములైన తరువాత దూడకు నులిపురుగుల మందు కొనుటకు పట్టణమునకు వెళ్లితిని. దుకాణదారుడు నన్ను గుర్తుపట్టి, మొగమాటముతో, "అయ్యగారూ, ఆ తుపాను రాత్రి మీ గేదెకు ఎక్కించిన సీసా ఇంకా ఆ కుర్రాడి పద్దులోనే ఉందండి. ఆయనొచ్చినప్పుడు అడిగితే, వాళ్లు పాస్టరుగారు, నేనెట్లా అడగను, నెలాఖరుకు నేనే కడతాలే అన్నాడు" అనెను. మందు, సూది, గొట్టము అన్నియు కలిసి మూడువందల చిల్లర.

నేను నిలుచున్న చోటనే నా ముఖము వాడిపోయెను. అప్పుడు యాకోబు పత్రిక 2వ అధ్యాయము నా యెదుటికి వచ్చెను. బట్టలు లేక ఆకలిగొన్న సహోదరుని చూచి, వానికి కావలసినది ఏదియు ఇయ్యక, చలి కాచుకొమ్మని, కడుపు నింపుకొమ్మని మంచి మాటలు పలికి సాగనంపువానినిగూర్చి యాకోబు వ్రాసియున్నాడు. ఆ మనుష్యుడెవడో యెరూషలేములో నుండినవాడని ఇన్నాళ్లు తలంచుచుంటిని. ఆ మనుష్యుడు నేనే. నా దీవెన అతనికి మూడువందల రూపాయల అప్పు మిగిల్చెను.

తప్పు తెలిసినంత మాత్రమున దానిని దిద్దుకొను జ్ఞానము వెంటనే రాదు. నేను రెండవ తప్పు చేసితిని. తిరుగు ప్రయాణములో మా ఊరి టీ కొట్టు యెదుట అతడు కనబడగా, బండి ఆపి, పదిమంది చూచుచుండగా ఐదువందల నోటు తీసి అతని చొక్కా జేబులో పెట్టి, "ఉంచుకో నాయనా" అని బిగ్గరగా అంటిని. అతని ముఖము ఎర్రబారెను. నోటు బయటికి తీసి, సీసా వెల ఉంచుకొని, మిగిలినది లెక్కపెట్టి నా చేతికిచ్చెను. "అందరి ముందు ఇట్లా ఇస్తే, రేపు ప్రతి ఇంటా డబ్బు గుంజుతున్నానంటారండి అయ్యగారూ. సీసా డబ్బులు చాలు" అనెను.

ఆ సాయంకాలము ఇంటికి నడుచుచుండగా నా తండ్రి జ్ఞాపకమునకు వచ్చెను.

నా తండ్రి ఒక కామందునొద్ద పాలేరు. ఏడాదికి ఇన్ని బస్తాల వడ్లని, ఒక గొంగడి, ఒక జత చెప్పులని మాట. పదునొకండు పశువులను తెల్లవారక మునుపు తోలుకొనిపోయి చీకటిపడిన తరువాత తోలుకొనివచ్చెడివాడు. కనుమ పండుగనాడు పశువుల కొమ్ములకు రంగులు వేసి, మెడలకు పూలదండలు కట్టి, పొంగలి తినిపించెడివారు. ఆ పశువులను కడిగినవాడు దొడ్డి వెలుపల కండువా చాపి నిలిచెడివాడు. ఇంటి యజమానురాలు అంటు తగులకుండునట్లు ఎత్తునుండి ఆ కండువాలో బియ్యము పోసెడిది. ఏడేండ్ల బాలుడనై నేను నేలబడిన గింజలు ఏరుచుంటిని. ఆ ఊరిలోనే మరియొక ముసలమ్మ ఉండెను. ఆమె ఆవు ఈనలేక బాధపడిన రాత్రి నా తండ్రి పోయి, అడ్డము తిరిగిన దూడను సరిచేసి ఈనించెను. ఆమె పేదరాలు. కాని కనుమనాడు నా తండ్రిని అరుగుమీదికి పిలిచి, మానెడు మినుములు అతని రెండు చేతులలో పెట్టి, "నీ చేతిచలవ నాయనా, నా లేగ బతికింది" అని చెప్పెను. ఎత్తునుండి పడిన బియ్యము ఎక్కువ. చేతిలో పెట్టిన మినుములు తక్కువ. మరణదినమువరకు నా తండ్రి చెప్పుకొనినది మినుములనుగూర్చియే.

ఆ కండువా చాపినవాని కుమారుడను నేను. ఇచ్చువాని చేయి ఎట్లుండవలెనో, పుచ్చుకొనువాని మనస్సు ఎట్లుండునో, ఏ పుస్తకమును చదువకమునుపే నాకు తెలియును. అయినను తెల్లని అంగీ వేసికొని ఇచ్చు స్థలమునకు వచ్చినప్పుడు, ఒకసారి ఏమియు ఇయ్యకపోతిని, మరియొకసారి ఎత్తునుండి పోసితిని.

ఇంటికి వచ్చి సంగతియంతయు నా భార్యతో చెప్పితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, "అప్పు తీర్చారు. అది బహుమానం కాదు. ఇక మనం ఇయ్యవలసింది మిగిలే ఉంది" అనెను. ఆ రాత్రి అతని తలమీది గోతామును, పండ్లతో పట్టుకొన్న ఫోనును నేను చూచితిని గాని లక్ష్యపెట్టలేదు. ఆమె లక్ష్యపెట్టెను. ఇద్దరము కలిసి ఒక వాన కోటు, తలకు కట్టుకొను దీపమొకటి కొని, ఒక కుండ గట్టి పెరుగు తీసికొని, చీకటిపడిన తరువాత అతని ఇంటికి వెళ్లితిమి. జున్నుపాల కాలము దాటిపోయెను. ఆ లోటు తీర్చలేమని నా భార్య అతని తల్లితో చెప్పి క్షమాపణ అడిగెను. ఆ తల్లి నవ్వి, "మా వాడు ఆ రాత్రి వచ్చి గేదె లేచిందమ్మా అని నన్ను నిద్ర లేపి మరీ చెప్పాడు" అనెను. వారి గ్లాసులతో మజ్జిగ త్రాగి వచ్చితిమి. ఆ రాత్రి నేను నెమ్మదిగా నిద్రపోయితిని.

ఈ సంగతి సంఘములో సాక్ష్యముగా చెప్పిన తరువాత అనేకులు నన్ను ప్రశ్నించిరి. "పశువులను చూచువారికి పైకము ఇయ్యవచ్చునా? ఎంత ఇయ్యవలెను? ఎప్పుడు ఇయ్యవలెను?" అని అడిగిరి. లేఖనముల వెలుగులో నాకు తోచినంత చెప్పుచున్నాను.

మొదటిది, బాకీని బహుమానమని పిలువరాదు. మందు వెల, సూది వెల, బండికి అయిన నూనె ఖర్చు మనము తీర్చవలసినవి. గోపాలమిత్రలు ప్రభుత్వోద్యోగులు కారు. వారికి వచ్చునది స్వల్పమైన గౌరవవేతనము. కూలివాని కూలి రాత్రి గడచువరకు మనయొద్ద నిలిచియుండరాదని లేవీయకాండము 19వ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది. మేకలు మేపు పిల్లవాని నెలజీతమును పండుగవరకు ఆపి, పండుగనాడు దానిలోనుండియే చొక్కా కొని, "బహుమానము" అనుట మన పల్లెలలో కలదు. అది బహుమానము కాదు. జీతము దొంగిలి చొక్కా ఇచ్చుటయే. లాబాను మందలను ఇరువది సంవత్సరములు కాచిన యాకోబు, పగటి యెండకు రాత్రి మంచుకు తాను క్షీణించిన విధమును, కంటికి నిద్ర లేకపోయిన విధమును, తన జీతము పదిమారులు మార్చబడిన విధమును ఆదికాండము 31వ అధ్యాయములో చెప్పుకొనెను. మంద కాచినవాని మొర దేవుడు వినెనని ఆ చరిత్ర మనకు నేర్పుచున్నది.

రెండవది, పనికి ముందు ఇచ్చునది, వరుస తప్పించుకొనుటకు ఇచ్చునది కానుక కాదు. "మామూలు" అనగా వాడుకగా ఇచ్చునదని అర్థము. ఆ మంచి మాట నేడు లంచమునకు పేరైనది. పశువుల ఆసుపత్రిలో ముందుగా చూపించుకొనుటకు సహాయకుని చేతిలో నోటు పెట్టినయెడల, మన వెనుక వరుసలో మేకపిల్లను ఎత్తుకొని నిలిచిన విధవరాలి వంతును మనము కొనుచున్నాము. లంచము చూపుగలవానిని గ్రుడ్డివానిగా చేయునని నిర్గమకాండము 23వ అధ్యాయము హెచ్చరించుచున్నది. ప్రభుత్వపు జీతము తీసికొనువారు ఏమియు పుచ్చుకొనమని చెప్పినప్పుడు వారిని బలవంతపెట్టకూడదు. నయమాను ఎంత బలవంతపెట్టినను ఎలీషా పుచ్చుకొనలేదు. వెనుకనుండి పరుగెత్తి అడిగి పుచ్చుకొన్న గేహజీకి కుష్ఠు వచ్చెను. అట్టివారికి ఇయ్యదగినది వేరొకటి కలదు. వారి మంచిపనిని ఒక కాగితముమీద వ్రాసి పై అధికారికి పంపుడి. అది లంచము కాదు, వారికి మేలు చేయును.

మూడవది, ఇచ్చునప్పుడు సిగ్గుపరచకూడదు. బోయజు రూతునకు ఎట్లు ఇచ్చెనో చూడుడి. ఆమెను పిలిచి అందరియెదుట ధాన్యము కొలిచియిచ్చుటకు అతనికి శక్తి లేకనా? అయినను ఆమె ఏరుకొనుటకై పనలలోనుండి పరిగె విడిచిపెట్టుమనియు, ఆమెను గద్దింపవద్దనియు పనివారికి చెప్పెను. ఆమె తన కష్టముతో ఏరుకొనినట్లే ఇంటికి వెళ్లెను. టీ కొట్టునొద్ద నేను నోటు ఆడించిన దినమున ఈ వాక్యము నాకు జ్ఞాపకము రాలేదు.

నాల్గవది, కనబడని చేతులను మరువకూడదు. వైద్యుడు సూది వేయును. త్రాడు పట్టినవాడు తన్నులు తినును. బండి తోలినవాడు వానలో కూర్చుండును. వారిని లోపలికి పిలిచి, మన ఇంటివారు త్రాగు గ్లాసుతోనే నీళ్లు, టీ ఇయ్యవలెను. వేరు గ్లాసు తీయు ఇంటిలో ఎంత పైకమిచ్చినను అది ఎత్తునుండి పోసినదే. ఇది పట్టణములలోను ఉన్నది. మా సంఘపు పిల్లవాడొకడు హైదరాబాదులో, ధనికుల కుక్కలకు స్నానము చేయించి వెండ్రుకలు కత్తిరించు దుకాణములో పనిచేయుచున్నాడు. అమెరికా దేశములో అట్టి పనివారికి బిల్లుమీద నూటికి పదునైదు మొదలు ఇరువదివరకు చేతిలో పెట్టుట వాడుక. పశువైద్యునికి మాత్రము అట్లు ఇయ్యరు. ఆ లెక్క మన దేశములో లేదు. క్రిస్మసుకు వచ్చినప్పుడు ఆ పిల్లవానిని ఈ సంగతి అడిగితిని. "ఇస్తే సంతోషమే అయ్యగారూ, ఇరవయ్యయినా చాలు. కాని కుక్కను పేరుపెట్టి ముద్దుగా పిలుస్తారు. దాని కాటు తిన్న నా పేరు అడిగినవాళ్లు ఈ ఏడాదిలో ఇద్దరే" అని చెప్పి తన మణికట్టుమీది మచ్చ చూపెను.

అయిదవది కఠినమైనది. పశువు బ్రదికినప్పుడు ఇచ్చుట సుళువు; చచ్చినప్పుడు ఇయ్యవలెను. మా సంఘములోని ఒక విధవరాలికి రెండు మేకలుండెను. వాటికి పారుడు రోగము తగిలెను. ఆ గోపాలమిత్రయే మూడు దినములు వచ్చి మందులు వేసెను. ఒకటి బ్రదికెను, ఒకటి చచ్చెను. మూడవ దినమున నేను ఆమెను ఓదార్చుటకు వెళ్లితిని. ఆమె గడ్డిలో చుట్టిన నాలుగు కోడిగ్రుడ్లు అతని సంచిలో జాగ్రత్తగా ఉంచుచుండెను. అతడు, "వద్దమ్మా, నీ మేక పోయింది గదా" అనెను. ఆమె, "పోయినదానికి నువ్వు తక్కువ పాటుపడ్డావా అయ్యా? ఉన్నదానికన్న దాని దగ్గరే ఎక్కువసేపు కూచున్నావు" అనెను. అతడు తల వంచుకొని గ్రుడ్లు తీసికొనెను. చదువు లేని ఆ స్త్రీ నా కోత పండుగ ప్రసంగమునకంటె మంచి ప్రసంగము చేసెను.

ప్రియులారా, మన తాతల దినములలో పశువుల పెద్దరోగము వచ్చినయెడల ఊరి దొడ్లన్నియు ఖాళీ అయ్యెడివి. నేడు ఆ రోగము లేదు. 2006లో మన దేశము దానినుండి విడుదల పొందినదని ప్రకటింపబడెను. 2011లో లోకమంతట అది నిర్మూలమైనదని ప్రకటించిరి. దాని వెనుక పండితుల జ్ఞానముతో పాటు, మందుపెట్టె భుజమున వేసికొని ఊరూర తిరిగి, పశువు పశువునకు టీకా వేసిన వేలాదిమంది పనివారి పాదములున్నవి. వారి పేర్లు మనకు తెలియవు. వారిలో ఎందరికి మన పెద్దలు ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చిరో దేవునికి తెలియును. వారికి ఇప్పుడు ఇయ్యలేము. వారి స్థానములో నేడు మన వాకిట నిలుచువారికి ఇయ్యగలము.

నీతిమంతుడు తన పశువు ప్రాణమును లక్ష్యపెట్టునని సామెతల గ్రంథము 12వ అధ్యాయము బోధించుచున్నది. పశువు ప్రాణమును లక్ష్యపెట్టి, ఆ ప్రాణమును కాపాడిన మనుష్యుని లక్ష్యపెట్టనివాడు ఎట్టి నీతిమంతుడు? మంచి సమరయుడు గాయపడినవానిని తన పశువుమీద ఎక్కించుకొని పూటకూళ్ల ఇంటికి తెచ్చెను. అక్కడ అతడు పూటకూళ్లవానికి దీవెన చెప్పి పోలేదు. రెండు దేనారములు ఇచ్చెను, ఇంక ఖర్చయినయెడల మరల వచ్చునప్పుడు తీర్చెదననెను. మన ప్రభువు చెప్పిన ఆ కథలో దయయు ఉన్నది, పద్దును ఉన్నది. దీవెన జీతమునకు బదులు కాదు. జీతము గౌరవమునకు బదులు కాదు. మూడును వేరువేరుగా ఇయ్యవలెను. నా గుమ్మమునొద్ద ఒక నిమిషము నిలిచి వానలోనికి వెళ్లిపోయిన యువకుడు నాకు నేర్పినది ఇదియే.

మా గేదె మరల చూడితో ఉన్నది. వచ్చు శీతకాలములో ఈనును. ఈసారి మొదటి జున్నుగిన్నె ఎవరి ఇంటికి పోవలెనో నా భార్య ఇప్పుడే నాచేత చెప్పించుకొన్నది.

ప్రార్థన: ప్రభువా, మందలను ప్రేమించినవాడవు, కాపరియని పేరు పెట్టుకొన్నవాడవు నీవే. మా పశువులకొరకు చలిలోను వానలోను మేలుకొనువారిని మేము మరువకుండ చేయుము. మా చేతులు తెరువుము. తెరచిన చేతులను అతిశయమునుండి కాపాడుము. మేము చెల్లింపవలసిన బాకీలను ప్రొద్దు క్రుంకకమునుపే మాకు జ్ఞాపకము చేయుము. యేసు నామమున, ఆమేన్.